మూడు రీడింగులు

కెమిస్ట్రీ లెక్చరర్లుగా కొత్తగా చేరుతున్న కుర్రాళ్లు, అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికొస్తుంటారు. రిటైరై ఇంట్లో కూర్చున్నవాడితో జనానికి పనేముంటుంది చెప్పండి? వీళ్లకుంది. ఇంటర్ పిల్లలకు రివిజన్ మీరెలా చేయించేవారో చెప్పండి సార్ అంటారు. పరీక్షల ముందు కెమిస్ట్రీ తిరగేయించడంలో సాంబశివరావు మొనగాడని బెజవాడలో ఒక పేరు పడిపోయింది. ఆ సాంబశివరావుని నేనే. మా ఆవిడ కాఫీ ఇస్తుంది, వాళ్లు ఫోన్లో రికార్డింగ్ పెడతారు, నేను చిట్కాలు చెబుతాను. వాళ్లు వెళ్లాక ఆ పూట నాకు అన్నం సయించదు.

ఎందుకు సయించదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాకు కప్పిన శాలువాల సంగతీ, నేను హెచ్‌ఓడీని ఎప్పుడయ్యానన్న సంగతీ ఇందులో ఉండవు. వాటివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. ఈ ఉద్యోగంలో నేను బాగా చేసిన పని ఒకటుంది, పాడుచేసిన పని ఒకటుంది. నాకు పేరు తెచ్చింది రెండోది.

లీల నా కొడుక్కి

ముందు కాస్త మంచి సంగతి చెప్పనివ్వండి. తర్వాత ఎలాగూ తలదించుకోవలసిందే.

రివిజన్ అంటే పాఠం మళ్లీ చెప్పడం కాదు. అప్పటికి పిల్లల బుర్రలో అన్నీ ఉంటాయి, ఏదీ చేతికి తగలదు. అటక మీద సామానులాగ అన్నమాట. దాన్ని కిందికి దించి, ఏది ఎక్కడుందో చూపించడమే మన పని. దానికి కొంచెం అల్లరి కావాలి. మొదటి గ్రూపు మూలకాలు లిథియం, సోడియం, పొటాషియం దగ్గర్నుంచి ఫ్రాన్సియం దాకా గుర్తుండవని పిల్లలు ఏడుస్తుంటే, "లీల నా కొడుక్కి రబ్బరు సీసా ఫ్రీగా ఇచ్చింది" అని నేర్పాను. లీ, నా, కె, రబ్, సీ, ఫ్రీ. పామర్రు కుర్రాడొకడు పరీక్ష హాల్లో దీన్ని గొణుక్కుంటుంటే ఇన్విజిలేటర్ వచ్చి ఎవర్రా ఆ లీల అని అడిగాడట. వాడు తడబడి మా సార్ కోడలండీ అన్నాడట. క్లాసంతా ఆ సంవత్సరం నన్ను చూసి నవ్వుకుంటూనే ఉంది. నవ్వితే నవ్వారు, మార్కు పోలేదు.

ఛాయిస్‌లో వదిలేయడం గురించి కూడా నా అభిప్రాయం చెప్పేస్తాను. పరీక్షలో ఎనిమిది అడిగి ఆరు రాయమంటారు కాబట్టి కష్టమైన పాఠాన్ని ముందే వదిలేసుకోవడం మన పిల్లలకు పుట్టుకతో వచ్చిన విద్య. పెద్ద మేధావులు దాన్ని తిడతారు. నేను తిట్టను. నీళ్లలో మునిగిపోతున్నవాడికి ఈత పాఠం చెప్పకూడదు, చెయ్యి అందించాలి. భయపడిపోతున్న పిల్లకు ఫలానా పాఠం వదిలెయ్యమ్మా, ఏం కాదు అని చెప్పడం తప్పు కాదు.

కానీ వదలడానికి అలవాటు పడ్డ చెయ్యి ఎక్కడ ఆగాలో అక్కడ ఆగదు. నేను పాఠాలతో ఆగలేదు. ప్రయోగాలను కూడా వదిలించేశాను. వదిలించి, అవి చేసినట్టు రాయడం నేర్పాను.

సూర్యనారాయణ గారు ఫ్లాస్కులు లెక్కపెట్టారు

నాకు ఆ బుద్ధి మొదట్నుంచీ లేదు. ఉంటే ఇంత సిగ్గుపడేవాణ్ణి కాదేమో.

నా మొదటి ఉద్యోగం పామర్రు అవతల ఒక చిన్న ఎయిడెడ్ కాలేజీలో. కిటికీలోంచి చూస్తే వరి చేలు, వానాకాలం వస్తే ల్యాబ్‌లోకి కప్పలు. అక్కడ మా హెచ్‌ఓడీ సూర్యనారాయణ గారు. పొట్టి మనిషి, నస్యం పీల్చేవారు, ల్యాబ్‌లో ఉన్నంతసేపూ కుర్చీలో కూర్చునేవారు కాదు. నేను చేరిన వారంలోనే పిల్లలందరి ముందు నన్ను టైట్రేషన్ చేసి చూపించమన్నారు.

తెలియనివాళ్లకు ఒక్క ముక్కలో చెబుతాను. గీతలున్న పొడుగాటి గాజు గొట్టం ఒకటి, దాన్ని బ్యూరెట్ అంటాం. అందులో ఒక ద్రావణం, కింద ఫ్లాస్కులో ఇంకొకటి. పైనున్నదాన్ని చుక్కచుక్కగా వదులుతుంటే ఒకానొక చుక్కకు కింద రంగు మారుతుంది. ఆ చుక్క దగ్గర ఆపి, ఎంత పోసిందీ గీత చూసి రాసుకోవాలి. అదే రీడింగు. చివరి రెండు రీడింగులు ఒకదానితో ఒకటి కలిసేదాకా మళ్లీ మళ్లీ చేయాలి. అందుకే పుస్తకంలో మూడు గళ్లుంటాయి.

నేను రెండుసార్లు చేశాను. రెండోది బాగానే వచ్చిందనిపించి మూడో గడిలో అదే అంకె వేసేశాను. సూర్యనారాయణ గారు నేను రాసినదాని వంక చూడలేదు. బల్ల మీదున్న ఫ్లాస్కుల వంక చూశారు. రంగు మారిన ఫ్లాస్కులు రెండే ఉన్నాయి. వాటిని తీసుకెళ్లి సింకులో ఒంపేసి, మళ్లీ మొదట్నుంచి చెయ్యండి సాంబశివరావు గారూ అన్నారు. పిల్లల ముందు ఆ 'గారూ' వినేసరికి చెంప ఛెళ్లుమన్నట్టయింది.

సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆయనే దగ్గరికొచ్చి, మెల్లిగా ఒక మాటన్నారు.

"పిల్లలు చెయ్యకుండా రాస్తే తెలియక రాస్తారండీ. మీరు తెలిసి రాశారు. అందుకే మీకు చెప్పాల్సొచ్చింది."

ఆ మాట నాకు పట్టింది. ఎంత పట్టిందంటే నేను ఆయన్ని మించిపోయాను. సుధాకర్ అని హనుమాన్ జంక్షన్ పక్క ఊరి కుర్రాడు ఉండేవాడు. చురుకైనవాడే గానీ తొందర ఎక్కువ. ఒకసారి చెయ్యకుండానే మూడో రీడింగు రాశాడు. నేను ఫ్లాస్కులు లెక్కపెట్టాను. వాడి ద్రావణాలన్నీ సింకులో పారబోసి, రీడింగులు కలిసేదాకా ఇంటికి వెళ్లేది లేదన్నాను. వాడికి బస్సు తప్పిపోయింది. వాణ్ణి మా ఇంటికి తీసుకొచ్చి అన్నం పెట్టించి, స్కూటర్ మీద ఊళ్లో దింపొచ్చాను. దారంతా వాడు మొహం ముడుచుకునే కూర్చున్నాడు. దిగేటప్పుడు మాత్రం, చివరికి కలిశాయి కదండీ అన్నాడు. నా ఉద్యోగంలో నేను గర్వపడే సాయంత్రం అదొక్కటే.

తాళం వేసిన బీరువా

ఎయిడెడ్ కాలేజీల్లో పోస్టులు ఒక్కొక్కటే ఎత్తేస్తుంటే నేను విజయవాడ వచ్చి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరాను. పేరెందుకు లెండి. నాలుగంతస్తుల బిల్డింగు, పైన హాస్టలు, కింద క్లాసులు, గేటు దగ్గర ర్యాంకుల ఫ్లెక్సీ. అలాంటివి మీకు బోలెడు తెలుసు.

అక్కడ మా డీన్ మల్లికార్జున్ గారు. ఆయన ఏనాడూ గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. ల్యాబ్ ఏదండీ అని నేనడిగితే చిరునవ్వుతో తీసుకెళ్లి చూపించారు. మూడో అంతస్తులో ఒక గది, గోడకు అద్దాల బీరువా, దానికి తాళం. లోపల బ్యూరెట్లు వరసగా ఉన్నాయి. వాటికి కొట్టువాడు అంటించిన స్టిక్కర్లు కూడా ఇంకా పోలేదు. ఇన్‌స్పెక్షన్‌కు ఎవరైనా వస్తున్నారంటే ఆ తాళం తీసేవాళ్లు. వాళ్లు వెళ్లగానే వేసేసేవాళ్లు.

ప్రాక్టికల్స్‌కు సంవత్సరం మొత్తంలో ఆయన ఇచ్చింది చివరి మూడు రోజులు. అది చాలదని నేను ఒకసారి వెళ్లి చెప్పాను. ఆయన కుర్చీ చూపించి, కాఫీ తెప్పించి, నేను చెప్పిందంతా విన్నారు. మీ ఇష్టప్రకారమే ల్యాబ్ చేయించండి, ఎంట్రన్స్‌లో ర్యాంకు తగ్గిన పిల్లల తల్లిదండ్రులతో మాత్రం మీరే మాట్లాడాలి అన్నారు. అంతే. నేను కాఫీ తాగి లేచొచ్చాను. అప్పుడు మా అమ్మాయికి ఇంజనీరింగు సీటు చూస్తున్నాం. ఇది సాకే, నాకు తెలుసు. అందరికీ ఒక అమ్మాయో అబ్బాయో ఉంటారు.

ఇక్కడ ఒక మాట ఖరాఖండిగా చెప్పాలి. డీన్ గారు మార్కులు రావాలన్నారు గానీ, ఎలా రావాలో చెప్పలేదు. ఆ దారి కనిపెట్టింది నేను. పరీక్షనాడు పిల్లలకిచ్చే ద్రావణాలు కలిపేది నేనే కాబట్టి రీడింగు ఎంత రావాలో నాకు ముందే తెలుసు. దాన్ని పిల్లలకు చెప్పేస్తే సరి. కానీ అందరూ ఒకే అంకె రాస్తే దొరికిపోతారు. అందుకని హాల్ టికెట్ నంబరు చివరి అంకె సరిసంఖ్య అయితే ఒకటి, బేసి అయితే ఇంకొకటి రాయమన్నాను. అక్కడితో ఆగానా? లేదు. మొదటి రీడింగు కావాలని కొంచెం తేడాగా రాయండర్రా, తర్వాతి రెండూ ఒకేలా రాయండి, అప్పుడే నిజంగా చేసినట్టుంటుంది అని నేర్పాను. పొరపాటును కూడా కంఠతా పట్టించాను. అబద్ధానికి అంత పనితనం చూపించినవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

పరీక్షనాడు పిల్లలు బ్యూరెట్ తిప్పేవాళ్లు, రంగు మారేది, ఎవరూ చూసేవారు కాదు. గళ్లలో ముందే కంఠతా పట్టిన అంకెలు వేసేవారు. ఎగ్జామినర్‌గా వచ్చినవాళ్లూ మాలాంటి కాలేజీలవాళ్లే. ఇవాళ ఆయన మా దగ్గర భోంచేస్తే రేపు నేను వాళ్ల దగ్గర భోంచేస్తాను. ముప్పైకి ముప్పై వేసి వెళ్లేవారు. సాంబ సార్ వాల్యూస్ అని వాటికి ఒక పేరు కూడా వచ్చింది. పక్క కాలేజీలవాళ్లు ఫోన్ చేసి మరీ అడిగి రాసుకునేవారు. నాకు ఆ ఫోన్లు వస్తుంటే ఎంత సంతోషంగా ఉండేదో. అన్నిటికంటే ఎక్కువ సిగ్గు ఆ సంతోషం గురించే.

మీ నాన్న కొట్టుకెళ్లి చూసుకో

నస్రీన్ ఆ కాలేజీలోనే నా దగ్గర చదువుకుంది. వన్‌టౌన్‌లో వాళ్ల నాన్న ఖాదర్ గారికి అద్దకం కొట్టు ఉండేది. చీర ముక్క తీసుకెళ్లి ఇస్తే సరిగ్గా దానికి సరిపోయే రంగు చున్నీకో జాకెట్ గుడ్డకో అద్ది ఇస్తారు చూడండి, ఆ కొట్టు. మా ఆవిడ కూడా అక్కడే అద్దించుకునేది. ఆ పిల్ల కబుర్లలో పడే రకం కాదు. రెండో బెంచీలో కూర్చుని చెప్పింది చెప్పినట్టు రాసుకునేది.

ఆ మూడు రోజుల రివిజన్‌లో నేను వాల్యూస్ చెబుతున్నాను. అందరూ రాసుకుంటున్నారు. నస్రీన్ లేచి నిలబడి, ఒక్కసారి నిజంగా చేసి చూపిస్తారా సార్, రంగు ఎక్కడ మారుతుందో చూడాలనుంది అంది.

తాళంచెవి డీన్ గారి గదిలో ఉంది. వెళ్లి అడగడానికి నాకు మొహం చెల్లలేదు. ఆ విషయం పిల్లల ముందు ఒప్పుకోవడానికీ మొహం చెల్లలేదు. మొహం చెల్లనివాడికి నోరు పెద్దదవుతుంది.

"రంగులు చూడాలంటే ఇక్కడెందుకమ్మా, మీ నాన్న కొట్టుకెళ్లి చూసుకో" అన్నాను.

క్లాసంతా గొల్లుమంది. ఆ పిల్ల కూడా కాస్త నవ్వి కూర్చుంది. కూర్చుని మూడు అంకెలూ రాసుకుంది. మొదటిది తేడాగా, తర్వాతి రెండూ ఒకేలా. ఆమెకూ ముప్పైకి ముప్పై వచ్చాయి. కొత్తగా చేరే లెక్చరర్లూ, ఒక మాట గుర్తుపెట్టుకోండి. మనం సమాధానం చెప్పలేని ప్రశ్న అడిగిన పిల్ల మీద జోకు వెయ్యడం చాలా తేలిక. ఆ జోకు ఇంటికెళ్లి ఏం చేస్తుందో మనకు కనపడదు.

తర్వాత ఆమె డిగ్రీలో కెమిస్ట్రీయే తీసుకుంది. కరోనా వచ్చి చదువంతా ఫోన్లో గడిచింది, అక్కడా ల్యాబ్ మొహం చూడలేదు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

హనుమాన్ జంక్షన్‌లో

నేను రిటైరయ్యాక ఒకరోజు నస్రీన్ ఫోన్ చేసింది. హనుమాన్ జంక్షన్‌లో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్‌లో చేరానని, ఇప్పుడు ఉద్యోగం పోయేలా ఉందని చెప్పింది. వాళ్ల నాన్నకు చేతులకు పుండ్లు పడి, రంగులు ముట్టుకోవద్దని డాక్టరు అన్నాడట. కొట్టు మూసేశారు. ఆ ఇంటికి ఇప్పుడు ఈమె జీతమే ఆధారం. ల్యాబ్ ఓనరు మీ స్టూడెంటేనట సార్, మీరొచ్చి ఒక్క మాట చెబితే ఉంచుతారు అంది. ఓనరు పేరు అడిగాను. ఏటా గురుపూజోత్సవానికి నాకు ఫోన్ చేసే సుధాకర్.

నా ఇద్దరు పిల్లలూ ఒకే గదిలో ఉన్నారన్నమాట. నాకేమో ముచ్చటేసింది. బస్సెక్కి వెళ్లాను.

హైవే పక్కన మేత బస్తాల కొట్టు వెనక ఆ ల్యాబ్. రైతులు మోటార్ సైకిళ్ల మీద మంచినీళ్ల సీసాల్లో చెరువు నీళ్లు తెచ్చి వరసగా పెడుతున్నారు. సుధాకర్ జుట్టు నెరిసింది గానీ మనిషి అలాగే ఉన్నాడు. కాళ్లకు దణ్ణం పెట్టి, కుర్చీ వేసి, కొబ్బరిబోండాం తెప్పించాడు. నస్రీన్ ఆ మూల సింకు దగ్గర గాజు సామాను కడుగుతోంది. నన్ను చూసి తల వంచి నమస్కారం చేసింది. ఆమె మొహంలో నేను వచ్చాననే ధైర్యం కనిపించింది.

సుధాకర్ జరిగింది చెప్పాడు. చెరువు నీళ్లలో ఆల్కలినిటీ అని క్షారగుణం ఒకటుంటుంది. అది తగ్గితే రొయ్యకు పెంకు గట్టిపడదు, రైతు సున్నమో డోలమైటో చల్లుకోవాలి. దాన్ని తేల్చేది టైట్రేషనే. ఫ్లాస్కులో పసుపు రంగు నారింజకు తిరిగే చుక్క దగ్గర ఆపాలి. ఒక రైతుకు ఈ అమ్మాయి అంతా సరిపోయిందని రాసిచ్చింది. ఆయన నమ్మి ఏమీ చల్లలేదు. రొయ్య మెత్తబడిపోయి, రోజూ కొన్ని చస్తుంటే, ఎదగకముందే పట్టేసి అయినకాడికి అమ్ముకున్నాడు. చివర్లో మళ్లీ నీళ్లు తెస్తే సుధాకర్ స్వయంగా చేసి చూశాడు. ఆమె రాసినదానికీ అతనికొచ్చినదానికీ పొంతనే లేదు.

అప్పటి నుంచి సుధాకర్ ఆమెను గమనించాడు. ఆమె ఒక్కసారే చేస్తోంది. రంగు తిరిగే చుక్క ఎలా ఉంటుందో తెలియక బాగా ఎర్రబడేదాకా పోసేస్తోంది, దాంతో లేని క్షారం ఉన్నట్టు లెక్కొస్తోంది. తర్వాత రెండు గళ్లూ చెయ్యకుండానే నింపుతోంది.

"ప్రతి సీసాకూ అంతే సార్. మొదటిది కొంచెం తేడా, తర్వాత రెండూ అచ్చుగుద్దినట్టు ఒకటే. ఫ్లాస్కులు చూస్తే ఒక్కటే ఉంటుంది. మీరు నన్ను పట్టుకున్నట్టే పట్టుకున్నానండీ."

నా చేతిలో కొబ్బరిబోండాం అలాగే ఉండిపోయింది. మొదటిది తేడా, తర్వాతి రెండూ ఒకటే. ఎవరి దస్తూరీ అది?

సుధాకర్ నా వంక చూస్తూ, ఇంతకీ మీ దగ్గర చదువుకున్నానంటోంది సార్, నాకు నమ్మబుద్ధి కావట్లేదు, మీ దగ్గర చదివిన పిల్ల ఇలా మోసం చేస్తుందా, మీరే చెప్పండి అన్నాడు.

సింకు దగ్గర నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

నేను చెప్పాల్సింది ఒకే ఒక్క వాక్యం. అది నేను నేర్పిందే సుధాకర్, ఆ పిల్లకు అది మోసమని కూడా తెలియదు అనాలి. గళ్లు మూడున్నాయి కాబట్టి మూడూ నింపాలనుకుంది, అంతే. ఆ వాక్యం నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నా ఎదురుగా ఉన్నవాడు ఇప్పుడే నా కాళ్లకు దణ్ణం పెట్టాడు. ఇంత వయసొచ్చాక వాడి కళ్లలో నేను చిన్నబోవడం నాకిష్టం లేకపోయింది.

"ఈ తరం పిల్లలకు ఓపిక లేదు సుధాకర్" అన్నాను. "మన రోజులు వేరు."

అవునండీ అన్నాడు సుధాకర్. నస్రీన్ మళ్లీ కుళాయి తిప్పింది.

ఇంకో అవకాశం ఇచ్చి చూడవయ్యా అని ఏదో నసిగాను. దొంగ రీడింగు రాసిన చేతిలో రైతుల చెరువులు పెట్టలేనండీ, మీరే కదా నేర్పింది అన్నాడు. నేను లేచాను. బస్సు కోసం రోడ్డు దాటుతుంటే ఆ పిల్ల వెనకే గబగబా వచ్చింది. తిడుతుందేమో, తిడితే బాగుండు అనుకున్నాను. ఎండలో నిలబడి చున్నీతో తడి చేతులు తుడుచుకుంటూ, నన్నే ఓదారుస్తున్నట్టు మాట్లాడింది.

"పర్లేదు సార్. వాల్యూస్ మీరిచ్చేవారని నేను చెప్పలేదు. మీ పేరు ఎక్కడా రానివ్వలేదు."

బస్సొచ్చింది. ఎక్కేశాను. ఆ నెలాఖరుకు ఆమె ఉద్యోగం పోయింది.

ఆలస్యంగా చెప్పిన నిజం

చాలా రోజులు గింజుకున్నాక సుధాకర్‌కు ఫోన్ చేసి మొత్తం చెప్పేశాను. తాళం బీరువా, సరి బేసి అంకెలు, అన్నీ.  

"ఆ రోజే చెప్పుంటే వేరే సంగతి సార్" అన్నాడు. "తెలియకపోతే నేర్పించుకునేవాణ్ణి. నేను దొంగనుకున్నాను ఆ పిల్లని."

అప్పటికే ఆమె చోటులో ఇంకో కుర్రాణ్ణి పెట్టుకున్నాడట. వాడిదీ మీ కాలేజీయేనట సార్, మొదట్నుంచి కూర్చోబెట్టి నేర్పిస్తున్నాను అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అతను ఎప్పటిలాగే మర్యాదగా, ఉంటానండీ అని పెట్టేశాడు. అప్పటి నుంచి గురుపూజోత్సవానికి అతని ఫోన్ రావడం లేదు. రాకపోవడమే న్యాయం.

మీకు నేను చెప్పేదొకటే. నిజానికి కూడా రంగు తిరిగే చుక్క ఒకటుంటుంది. అది దాటాక ఎంత పోసినా ఫ్లాస్కు ఎర్రబడుతుందే తప్ప రీడింగు పనికిరాదు. కెమిస్ట్రీ ఇన్నేళ్లు చెప్పి నేను సొంతంగా తెలుసుకున్నది ఈ ముక్కే.

వాట్సాప్‌లో పెట్టినా చాలు

మొన్న జనవరిలో నస్రీన్ మళ్లీ ఫోన్ చేసింది. గొంతులో హుషారుంది. ఉయ్యూరు దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో, పీజీ లేకపోయినా పర్లేదని, జూనియర్ లెక్చరర్‌గా తీసుకున్నారట. నాన్నగారి చేతులు కాస్త నయమని, బస్సు పాసు తీసుకుని రోజూ వెళ్లొస్తున్నానని చెప్పింది. మా తమ్ముడి ఫీజు కట్టేశాం సార్ అంది. నా మనసు కుదుటపడింది. హమ్మయ్య, ఆ పిల్ల బతుకు నావల్ల పాడైపోలేదు అనుకున్నాను. అప్పుడు అసలు సంగతికొచ్చింది.

ప్రాక్టికల్స్ రివిజన్ ఆమెకే అప్పగించారు. పాత వాల్యూస్ ఉంటే పంపండి సార్, వాట్సాప్‌లో పెట్టినా చాలు అంది.

నేను వద్దన్నాను. బ్యూరెట్ కొనుక్కుని నేనే వస్తాను, పిల్లల ముందు మనిద్దరం నిజంగా చేద్దాం, నువ్వు చూడాలన్న రంగు కూడా చూపిస్తాను అన్నాను. ఆ పిల్ల ఇబ్బందిగా నవ్వింది.

"మూడు రోజులే ఇచ్చారు సార్. మార్కులు తగ్గితే నన్ను ఉంచరు. మీకు తెలియనిదేముంది?"

నాకు తెలియనిదేముంది. ఆ మూడు రోజులు నాకు తెలుసు, ఆ బీరువా తెలుసు, పెంచని ఆ గొంతు తెలుసు. నేను పంపకపోతే ఆ పిల్లకు రెండో ఉద్యోగం కూడా నావల్లే పోతుంది. పంపితే ఆమె చేత్తో ఇంకో క్లాసు నిండా పిల్లలు మూడు గళ్లూ చెయ్యకుండా నింపుతారు. వాళ్లలో ఒకరు రేపు ఏ చెరువు నీళ్లు పరీక్ష చేస్తారో, ఏ ఆసుపత్రి ల్యాబ్‌లో ఎవరి రక్తం చూస్తారో నాకు తెలియదు. ఫోన్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి ఎవరండీ అని అడిగితే ఎవరూ కాదు అన్నాను.

పంపాను.

ద్రావణాలు ఎంతెంత కలపాలో, సరి అంకెకు ఏది, బేసి అంకెకు ఏది, మొదటిది ఎంత తేడాగా వెయ్యాలో, అన్నీ టైపు చేసి పంపాను. ఒక్కటీ మర్చిపోలేదు. వెంటనే జవాబొచ్చింది. మీ మేలు మర్చిపోలేను సార్ అని.

చివరికి నాకు తోచిన ధైర్యం ఇంతే. కింద ఇంకో ముక్క రాశాను. ఇవి ఎక్కడివని ఎవరైనా అడిగితే నా పేరు చెప్పమ్మా అన్నాను.

"అయ్యో, అదేం మాట సార్. మీ పేరు నేనెందుకు చెబుతాను?" అని రాసింది.

ఆమె చెప్పదు. అందుకే ఇక్కడ నేనే చెబుతున్నాను. రేపు మీరు ఏ కాలేజీలో చేరినా ఆ మూడు అంకెలు ఎవరో ఒకరు మీ చేతిలో పెడతారు. అవి నావి.